బడి సంచిలో పంచదార పొట్లం

2011వ సంవత్సరం, ఆగస్టు నెల. అప్పుడు నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరుగా పనిచేస్తున్నాను. ఊరి పేరూ, బడి పేరూ చెప్పను. తప్పు నాది గనుక వాటితో పని లేదు. తొమ్మిదో తరగతికి నాలుగో పీరియడు నాది. భోజనాల గంటకు ముందు పీరియడు కాబట్టి పిల్లల మనసు పాఠం మీద కంటే వంటశాల వైపు నుంచి వచ్చే సాంబారు వాసన మీదే ఉంటుంది. ఆ రోజు మూడో బెంచీలో ఒక అమ్మాయి బల్ల మీద తల వాల్చేసింది. రెండుసార్లు పిలిచాను. మూడోసారి లేచి నిలబడమన్నాను. నిలబడింది గాని, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పింది. పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "రాత్రంతా టీవీ చూసి నిద్రపోవడానికి బడికొస్తావా?" అన్నాను. గంట కొట్టేవరకు అలాగే నిలబడమన్నాను.

అయిదు నిమిషాలకు ఆ పిల్ల నేలమీద పడిపోయింది.

ఒళ్లంతా చెమట. చేతులు కొట్టుకుంటున్నాయి. ఎవరో మూర్ఛ అన్నారు. వంటమనిషి పరుగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి ఆమె పిడికిట్లో పెట్టింది. అటెండరు గ్లాసుతో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోయాడు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటుందని నేను అంటూ ఉండగా, ఆమె పక్కన కూర్చునే పిల్ల ఏడుస్తూ నా కొంగు పట్టుకుంది. "టీచర్, తనకి షుగరు టీచర్. రోజూ ఇంజెక్షన్ చేసుకుంటది. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

లెక్కల మాస్టారు తన మోటారు సైకిలు తీశారు. పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, వెనుక నేను పట్టుకుని, నాలుగు కిలోమీటర్ల దూరంలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాము. నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచింది. డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. "బడిలో ఒక్కరికీ తెలియదా అమ్మా?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం వాళ్లమ్మ పొలం నుంచి ఆ బురద కాళ్లతోనే వచ్చింది. "టీచరమ్మ గారూ, చెబితే బళ్లో ఉంచరేమోనని భయపడ్డామండి. ఆడపిల్ల. రేపు ఏదన్నా సంబంధం వస్తే ఊరందరికీ తెలిసిపోద్ది, ఎక్కడా అనొద్దన్నాడండి వాళ్ల నాన్న" అంది. ఆ కుటుంబం మా సంఘస్థులే. ప్రతి ఆదివారం నా వెనుక చాపమీద కూర్చునేవాళ్లు. రెండేళ్లుగా ఆ పిల్ల రోజూ సూది వేసుకుంటుంటే నాకు తెలియలేదు. అంతకు వారం రోజుల ముందు, పాఠం మధ్యలో తింటోందని ఆమె చేతిలోంచి బిస్కెట్ల పొట్లం లాక్కున్నది కూడా నేనే.

ఆ తరువాత డాక్టర్లను, నర్సులను అడిగీ, దొరికినవి చదివీ, అన్నిటికంటే ఎక్కువగా ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను. చదివేవారిలో తల్లిదండ్రులు ఉంటారు, ఉపాధ్యాయులు ఉంటారు, హాస్టలు వార్డెన్లు, సండే స్కూలు టీచర్లు ఉంటారు. అందరికీ పనికివచ్చే సంగతే.

పెద్దల షుగరు వేరు, పిల్లల షుగరు వేరు

మన ఇళ్లలో షుగరు జబ్బు అంటే నలభై, యాభై దాటాక వచ్చేది. మాత్ర వేసుకుని, నడక మొదలుపెట్టి, అన్నం తగ్గించి జొన్నరొట్టె తింటే చాలామందికి అదుపులో ఉంటుంది. డాక్టర్లు దానిని టైప్ 2 అంటారు. పిల్లలకు ఎక్కువగా వచ్చేది టైప్ 1. పొట్టలో క్లోమగ్రంథి అనే అవయవం ఉంది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిన్ అనే రసాన్ని తయారుచేస్తాయి. రోగాలతో పోరాడవలసిన మన శరీర రక్షణ శక్తే పొరపాటుపడి ఆ కణాలను నాశనం చేసేస్తుంది. అప్పుడిక శరీరంలో ఇన్సులిన్ ఉండదు.

పెళ్లిపందిట్లో గుండిగల నిండా అన్నం ఉండి, వడ్డించేవాళ్లు లేకపోతే ఏమవుతుంది? పంక్తిలో కూర్చున్నవాళ్లు ఆకలితోనే లేస్తారు. ఇక్కడా అంతే. తిన్న అన్నం చక్కెరగా మారి నెత్తురులో నిండిపోతుంది. దానిని కండరాలకు వడ్డించే ఇన్సులిన్ ఉండదు గనుక పిల్ల ఎంత తిన్నా చిక్కిపోతుంది. మిగిలిన చక్కెర మూత్రంలో పోతుంది. దానితోపాటు ఒంట్లోని నీరూ పోతుంది. అందుకే విపరీతమైన దాహం, గంటగంటకూ ఒంటికి వెళ్లడం. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడుపుతుంటే, మూత్రం పోసినచోట చీమలు చేరుతుంటే, బడిలో మాటిమాటికీ బయటికి వెళ్తానని చేయి ఎత్తుతుంటే, దెబ్బలాడకుండా ఒకసారి నెత్తురు పరీక్ష చేయించండి. ఒక్క చుక్క చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొద్ది నిమిషాల పని.

ఇది కనిపెట్టకుండా రోజులు గడిస్తే వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోటినుంచి పండిపోయిన పండు లాంటి వాసన మొదలవుతాయి. చక్కెరను వాడుకోలేని శరీరం కొవ్వును కరిగించుకుంటున్నందువల్ల పుట్టే విషం అది. ఆ దశలో పిల్లవాణ్ణి గాలి సోకిందని ఒకరి దగ్గరికీ, పసిరిక అని మరొకరి దగ్గరికీ తిప్పుతూ ప్రాణం మీదికి తెచ్చుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

ఇన్సులిన్‌ను మాత్రగా మింగితే లాభం లేదు. అది ఒక మాంసకృత్తి. కోడిగుడ్డును అరిగించుకున్నట్టే కడుపు దానినీ అరిగించేస్తుంది. అందుకే సూది తప్పదు. దానిని ఘాటు మందు అనుకోవద్దు. శరీరం చేసుకోవలసినదాన్ని మనం బయటినుంచి అందిస్తున్నాము, అంతే. "ఇప్పుడే సూది అలవాటు చేస్తే జీవితాంతం ఉండిపోతుంది" అని కొందరు ఆపుతారు. అలవాటు వల్ల కాదు, అవసరం వల్ల ఉంటుంది. అన్నం మానలేనట్టే.

అమ్మమ్మ మిఠాయిలు పెట్టడం వల్ల ఇది రాలేదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినడం వల్ల రాలేదు. అంటుకునేది అంతకంటే కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఇద్దర్నీ తప్పుపట్టలేదని యోహాను సువార్త చదివినవారికి తెలుసు. అయినా ఈ పిల్లల తల్లులను అదే ప్రశ్న వేరే మాటల్లో మనం అడుగుతూనే ఉన్నాము.

నూరేళ్ల క్రితం వరకు ఈ జబ్బు వచ్చిన బిడ్డ కొన్ని నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్లు బ్రతికేది. వైద్యులు చేయగలిగింది అర్ధాకలితో ఉంచడమే. 1921లో కెనడా దేశంలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వేరుచేయగలిగారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలునికి మొదటి సూది వేశారు. ఆ మందులో మలినాలు ఉండడంవల్ల సూది వేసినచోట గడ్డ లేచింది. కొలిప్ అనే శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేశాక జనవరి 23న మళ్లీ వేశారు, చక్కెర దిగింది. ఎముకల గూడులా ఉన్న ఆ కుర్రవాడు ఇంకా 13 ఏళ్లు బ్రతికాడు. కనిపెట్టినవారు హక్కులను ఒక్కో డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. ఆ రోజును ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. మన దేశంలో బాలల దినోత్సవమూ అదే రోజు. పాటలతో, మిఠాయిలతో గడిచే ఆ ఉదయాన ఏదైనా బడిలో అయిదు నిమిషాలు ఈ జబ్బును గూర్చి మాట్లాడితే బాగుండునని నాకు అనిపిస్తూ ఉంటుంది.

తగ్గిపోయిందనుకునే ఆ కొన్ని నెలలు

ఈ సంగతిని సంఘాల్లో అందరూ వినాలి. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో ఒక వింత జరుగుతుంది. చక్కెర దానంతట అదే తగ్గుతుంది. ఇరవై యూనిట్లు వేసుకునే బిడ్డకు నాలుగైదు యూనిట్లే చాలుతాయి. ఒళ్లు వస్తుంది, ముఖం తేటపడుతుంది. క్లోమగ్రంథిలో ఇంకా మిగిలిన కొద్ది కణాలు, బయటి ఇన్సులిన్ వల్ల కాస్త విశ్రాంతి దొరికి, మళ్లీ పనిచేయడమే దానికి కారణం. డాక్టర్లు దీనిని హనీమూన్ దశ అంటారు. కొన్ని నెలలు ఉంటుంది, కొందరిలో ఏడాది దాటుతుంది. తరువాత ఆ కణాలు కూడా పోతాయి.

సరిగ్గా ఆ నెలల్లోనే బంధువొకరు పసరు మందు తెస్తారు. లేదా ఉపవాస కూటములలో బిడ్డ తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. చక్కెర తగ్గి ఉండడం చూసి, స్వస్థత కలిగిందని తల్లిదండ్రులు సంతోషిస్తారు. సూది ఆపేస్తారు. ఆదివారం నాడు సాక్ష్యం చెబుతారు. సాక్ష్యం చెప్పాక మళ్లీ జబ్బు తిరగబెట్టిందని చెప్పుకోవడానికి మనిషికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆలోచించండి. ఆ సిగ్గుతో ఇంకో రెండు రోజులు చూస్తారు. పూర్తిగా ఇన్సులిన్ ఆగిన బిడ్డకు ఆ రెండు రోజులు చాలా ఎక్కువ.

మేము చూసిన పిల్ల విషయంలోనూ ఇదే జరిగిందని వాళ్లమ్మ తరువాత నాకు చెప్పింది. జబ్బు బయటపడిన నాలుగో నెలలో ఆపేశారట. మూడు రోజులకు వాంతులు పట్టుకుని, ఊపిరి ఎగదోస్తుంటే గుంటూరు తీసుకువెళ్లారట. "మా విశ్వాసం చాలలేదేమోనని ఏడ్చానండి" అంది. ఆమెకు నేను హిజ్కియా రాజు సంగతి గుర్తుచేశాను. ఆయన ప్రార్థన దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండుమీద వేయించాడు. ప్రార్థన ఆలకించబడింది గనుక ముద్ద ఎందుకని ఎవరూ అనలేదు. లూకా వైద్యుడు. పౌలు ఆయనను వెంటబెట్టుకుని తిరిగాడు.

కాపరులారా, మీ సంఘంలో ఇలాంటి బిడ్డ ఉంటే ప్రార్థించండి. ప్రార్థన ముగిశాక, "సూది ఆపవద్దమ్మా" అని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. డాక్టరు పదిసార్లు చెప్పినదానికంటే మీరు ఒక్కసారి చెప్పినది ఆ ఇంట్లో నిలుస్తుంది.

బడికి చెప్పవలసినది

దాచడమే ఈ జబ్బుకంటే ప్రమాదమని నాకు ఆ ఆగస్టు రోజున అర్థమైంది. తల్లిదండ్రులు జూన్ నెలలో బడి తెరిచిన వారంలోనే ప్రధానోపాధ్యాయుణ్ణి, తరగతి ఉపాధ్యాయుణ్ణి, ఆటల మాస్టారిని కలవాలి. డాక్టరు ఇచ్చిన చీటీ నకలు ఒకటి, ఇద్దరి ఫోను నంబర్లు, ఒక డబ్బాలో పంచదార లేదా గ్లూకోజు పొడి, బిస్కెట్లు బడిలో ఉంచాలి. పక్క బెంచీ స్నేహితురాలికి తెలియాలి. పెద్దలు గుర్తించేలోపు గుర్తించేది వాళ్లే.

చక్కెర ఎక్కువగా ఉండడం వల్ల జరిగే చెడు నెమ్మదిగా వస్తుంది. బడిలో హఠాత్తుగా ప్రాణం మీదికి తెచ్చేది చక్కెర పడిపోవడం. సూది వేసుకుని తిండి ఆలస్యమైనా, తక్కువ తిన్నా, మామూలుకంటే ఎక్కువ పరుగెత్తినా పడిపోతుంది. చేతులు వణకడం, చల్లటి చెమటలు, ముఖం పాలిపోవడం, విపరీతమైన ఆకలి, తలనొప్పి మొదటి గుర్తులు. తరువాత మెదడుకు చక్కెర చాలక మాట తడబడుతుంది, చిరాకు, మొండితనం, పిలిస్తే పలకకపోవడం. నేను పొగరు అనుకున్నది దీన్నే.

మిషను ఉంటే ఒక చుక్కతో చూడవచ్చు. 70 కంటే తక్కువైతే ఆలస్యం చేయకూడదు. మిషను లేకపోయినా, పట్టీలు అయిపోయినా, అనుమానం వచ్చిందంటే చాలు, తక్కువ అయిందనే అనుకుని తీపి ఇవ్వాలి. మూడు టీ చెంచాల పంచదార లేదా గ్లూకోజు కొద్ది నీళ్లలో కలిపి తాగించాలి. మరీ చిన్నపిల్లలకు రెండు చాలు. పావుగంట ఆగి చూడాలి. తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక నాలుగు బిస్కెట్లో, అరటిపండో, భోజనమో పెట్టాలి. చాక్లెట్ మొదట ఇవ్వవద్దు. అందులోని కొవ్వు వల్ల చక్కెర నెత్తురులోకి చేరడం ఆలస్యమవుతుంది. ఇంకొక మాట. అలా ఉన్న బిడ్డను "వెళ్లి ఆఫీసు గదిలో తాగి రా" అని ఒంటరిగా పంపవద్దు. దారిలోనే పడిపోవచ్చు. డబ్బానే బిడ్డ దగ్గరికి రావాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్లుగాని, పంచదార నీళ్లుగాని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, దగ్గర ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. ఆ సమయంలో ఇన్సులిన్ వేయడం ప్రాణాంతకం. తాళంచెవుల గుత్తి వల్ల ఏ ఉపయోగమూ లేదు. మా వంటమనిషి మనసు మంచిదే గాని, ఆ నిమిషాలు వృథా పోయాయి.

భోజనం, ఆటలు, సూది

రోజుకు రెండుసార్లు సూది వేసుకునే పిల్లలు ఉన్నారు, అన్నం తినే ప్రతిసారీ వేసుకునే పిల్లలూ ఉన్నారు. రెండో పద్ధతివారు మధ్యాహ్నం బడిలో వేసుకోవాలి. అందుకు మరుగుదొడ్డికి పంపవద్దు. ఆఫీసు గదిలో ఒక కుర్చీ, చేయి కడుక్కోవడానికి నీళ్లు చాలు. ఇన్సులిన్ రకాన్ని బట్టి భోజనానికి పావుగంటో అరగంటో ముందు వేసుకోమంటారు. మధ్యాహ్న భోజనం కొన్ని రోజులు ఆలస్యమవుతుందని మనకు తెలుసు. కట్టెలు తడిసి ఉంటాయి, గ్యాసు అయిపోతుంది. అందుకే అన్నం దిగిందని కళ్లతో చూశాకే సూది వేసుకోమని ఆ పిల్లకు నర్సు చెప్పింది. పొద్దున వేసుకున్న మిశ్రమం ఇన్సులిన్ మధ్యాహ్నం దాకా పనిచేసే పిల్లలకైతే, గంట ఆలస్యమైతే ముందుగా బిస్కెట్లు తినిపించాలి.

అన్నం మాన్పించనవసరం లేదు. ఎదిగే బిడ్డకు అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర అన్నీ కావాలి. రోజూ ఇంచుమించు ఒకే కొలత ఉండాలి, ఆ కొలతకు తగ్గ ఇన్సులిన్ ఉండాలి. వాళ్లమ్మ ఇంట్లో ఏ గిన్నెతో కొలిచి పెట్టేదో అలాంటిదే ఒకటి బడి వంటశాలలోనూ ఉంచింది. రాగిజావ షుగరుకు మంచిదని ఎంతైనా తాగించేవాళ్లు ఉన్నారు. బెల్లం వేసిన పలుచటి జావ చక్కెరను త్వరగానే పెంచుతుంది. పల్లీ చిక్కీలోనూ బెల్లమే గదా. ఇవన్నీ లెక్కలోకి రావాలి. పుట్టినరోజు చాక్లెట్‌ను ఆ బిడ్డకు ఒక్కదానికే ఇవ్వకుండా దాటిపోవద్దు. తీసుకుని, అన్నంతోపాటు ఎప్పుడు తినవచ్చో అది తేల్చుకుంటుంది.

ఆటలు మాన్పించడం పెద్ద పొరపాటు. కబడ్డీ, ఖోఖో, పరుగు అన్నీ ఆడవచ్చు. ఆడేముందు ఏదైనా తినాలి, జేబులో తీపి ఉండాలి. మాస్టారికి తెలిసి ఉండాలి. బాగా ఆడిన రోజున రాత్రి నిద్రలో కూడా చక్కెర తగ్గవచ్చు గనుక ఇంట్లోవాళ్లు గమనించాలి. వాంతులతో, ఎగశ్వాసతో ఉన్నప్పుడు మాత్రం ఆట వద్దు, ఆస్పత్రి కావాలి. జ్వరం వచ్చి ఏమీ తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. జ్వరంలో చక్కెర సాధారణంగా పెరుగుతుంది. ఎంత వేయాలో డాక్టరునే అడగాలి.

చక్కెర ఎక్కువగా ఉన్న రోజున బిడ్డకు నీళ్లసీసా, బయటికి వెళ్లడానికి అనుమతి కావాలి. మరుగుదొడ్డి సరిగా లేని బళ్లలో ఆడపిల్లలు వెళ్లవలసి వస్తుందని నీళ్లే తాగకుండా కూర్చుంటారు. టీచర్లు దీనిని కనిపెట్టాలి.

ఫ్రిజ్ లేని ఇల్లు, ఎర్రమూత సిరంజి

ఇన్సులిన్ బుడ్డి తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డ కట్టిందంటే పారేయవలసిందే. తెరిచాక ఎండ తగలకుండా ఉంచితే ఇంచుమించు నాలుగు వారాలు వాడవచ్చు. మన ఎండాకాలపు రేకుల ఇంట్లో అది కుదరదు. ఫ్రిజ్ లేనివారు పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, బుడ్డిని మూతగల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచాలి. ఇసుకను రోజూ తడపాలి. మంచినీళ్ల కుండ చల్లబడినట్టే అదీ చల్లబడుతుంది. మోటారు సైకిలు డిక్కీలోనో, ఎండలో ఉన్న బడి సంచిలోనో వదిలేస్తే మందు శక్తి పోతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల బుడ్డీలూ ఉన్నాయి, 100 యూనిట్ల బుడ్డీలూ ఉన్నాయి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో తీస్తే ఒకటికి రెండున్నర రెట్లు పోతుంది. షాపువాడు ఏది ఇస్తే అది తెచ్చుకోకుండా బుడ్డిమీద అంకె చూడటం పిల్లకే నేర్పండి. వాడిన సూదులు మూతగల గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రిలో ఇవ్వండి. పెంటకుప్పలో వేస్తే మరో బిడ్డ కాలికి గుచ్చుకుంటుంది.

పరీక్ష హాలు, హాస్టలు, గుడి

2017లో సి.బి.ఎస్.ఇ. బోర్డు పది, పన్నెండు తరగతుల పరీక్షలకు వచ్చే షుగరు పిల్లలు చక్కెర బిళ్లలు, పండు, తినుబండారాలు, నీళ్లసీసా హాలులోకి తెచ్చుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అన్ని రాష్ట్రాలకూ రాసింది. టైప్ 1 పిల్లలు తరగతిలో చక్కెర పరీక్షించుకోవడానికి, సూది వేసుకోవడానికి, మధ్యలో తినడానికి, పరీక్షలకు కావలసినవి తీసుకువెళ్లడానికి బళ్లు అనుమతించాలని కోరింది. కాబట్టి మీరు అడిగేది ఎవరి దయా కాదు. మన పదో తరగతి పరీక్షకైతే డాక్టరు సర్టిఫికెటుతో ప్రధానోపాధ్యాయుని చేత ముందే ఉత్తరం రాయించి, పరీక్షా కేంద్రం అధికారికి అందేలా చూసుకోండి. పరీక్ష రోజు గుమ్మం దగ్గర వాదన పెట్టుకుంటే ఆ ఆందోళనకే చక్కెర తారుమారవుతుంది.

హాస్టలు సంగతి కష్టం. సీటు పోతుందేమోనని దాచి చేర్పిస్తారు. చీకటిలో దుప్పటి కింద సూది వేసుకునే పిల్లలు ఉన్నారు. రాత్రి చక్కెర పడిపోతే పక్క మంచంవాళ్లు నిద్ర అనుకుంటారు. వార్డెనుకు చెప్పకుండా ఏ బిడ్డనూ హాస్టల్లో వదలవద్దు. ఒప్పుకోని చోటయితే దగ్గరి బంధువుల ఇంట ఉంచి చదివించడం మేలని నా అభిప్రాయం.

మన ఆరాధనలు మధ్యాహ్నం ఒంటిగంట దాటుతాయి. మధ్యలో ఆ పిల్ల బయటికి వెళ్లి రెండు బిస్కెట్లు తిని వస్తే పెద్దలు కళ్లెర్రజేయకండి. ఉపవాస ప్రార్థనలో పిల్లలందరితోపాటు ఆ బిడ్డనూ కూర్చోబెట్టవద్దు. వి.బి.ఎస్. జరిగే మే నెలలో భోజనాలు వేళకు పెట్టండి. క్రిస్మస్ క్యారల్సుకు రాత్రంతా ఊరు తిరిగేవాళ్లలో ఆ పిల్ల ఉంటే, ఒకరి జేబులో గ్లూకోజు ఉండాలి.

వాళ్ల నాన్న భయం సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లు చక్కెరను అదుపులో ఉంచుకుంటూ పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, డాక్టరు పర్యవేక్షణలో పిల్లల్ని కంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. దాచిపెట్టి చేసిన పెళ్లిలో కొత్త కోడలు సూది మానేస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే ఆస్పత్రి పాలవుతుంది. ఆయన ఇది వెంటనే ఒప్పుకోలేదు. ఏడాది పట్టింది. 2013లో కూతురి పదో తరగతి పరీక్షల ముందు హెడ్మాస్టరుగారి ఉత్తరం కోసం ఆయనే బడికి వచ్చి, అందరూ వింటుండగా, "మా అమ్మాయికి షుగరండి" అన్నాడు.

ఆమెకు జరిగినదాని తరువాత నా బల్ల సొరుగులో ఒక హార్లిక్స్ సీసా నిండా పంచదార పెట్టుకోవడం మొదలుపెట్టాను. చీమలు పడుతుంటే నెలకొకసారి మార్చేదాన్ని. 2019లో పదవీ విరమణ రోజున రిజిస్టర్లు, పటాలు, బీరువా తాళాలు అప్పగిస్తూ ఆ సీసా కూడా కొత్తగా వచ్చిన టీచరు చేతికి ఇచ్చాను. "ఇదేంటి మేడమ్, టీలోకా?" అని నవ్వింది. ఆ సంవత్సరం ఆరో తరగతిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి వాడు ఏ బెంచీలో కూర్చున్నాడో చూపించాను.